సాఫ్టువేరు పనికి ల్యాప్‌టాపు ఎంపిక

మధ్యతరగతి కుటుంబములలో ఇంటికి, పెండ్లికి, బండికి తరువాత ఎక్కువగా ఆలోచింపజేయు కొనుగోలు నేడు ఏదియని అడిగినచో, పిల్లల చదువుకో ఉద్యోగమునకో కొనెడి ల్యాప్‌టాపు అని చెప్పవలసియుండును. పెద్ద సంస్థలు తమ ఉద్యోగులకు యంత్రమును తామే సమకూర్చును. కాని ఇంజనీరింగు చదువుచున్నవారు, శిక్షణ పొందుచున్నవారు, ఉద్యోగము వెదకుకొనుచున్నవారు, స్వతంత్రముగా పనులు ఒప్పుకొని చేయువారు మాత్రము తమ సొమ్ముతోనే కొనుక్కొనవలెను. ఆ సొమ్ము పెక్కు ఇండ్లలో తండ్రి రెండు మూడు నెలల జీతము. లేదా తల్లి చీటీ పాడి తెచ్చిన మొత్తము. లేదా నెలనెలా తీర్చవలసిన వాయిదాల అప్పు. అంత వ్యయపడి కొన్న యంత్రము రెండవ సంవత్సరముననే పనికి చాలకపోయిన, మరియొకటి కొనుటకు మరల అంత సొమ్ము చేతికి రాదు. నేర్చుకొనువాని చదువు నడుమనే కుంటుపడును.

ఇట్టి కొనుగోలు మన దుకాణములలో సాధారణముగ ఎట్లు జరుగుచున్నది? ప్రాసెసరు పేరు, దాని ప్రక్కనున్న అంకె, మూత రంగు, కీబోర్డు క్రింద వెలుగు దీపములు, పండుగ తగ్గింపు - ఈ అయిదింటిమీదనే బేరము ముగియుచున్నది. ఎద్దును కొనబోవు రైతు మొదట పళ్లు చూచును, పిదప నడక చూచును. మెడలోని గంటలను చూచి వెల చెప్పడు. ప్రోగ్రాములు వ్రాయువారికి తగిన ల్యాప్‌టాపును కొనునపుడు ముందు చూడవలసినదేది, తరువాత చూడవలసినదేది అను వరుసను మీకు విన్నవించుటయే నా ఉద్దేశము. ఆ వరుసకు మూలసూత్రము ఒక్కటే. కొన్న పిదప మార్చుకొనుటకు వీలుకాని అంగమును ముందు ఎంచుకొనవలెను. మార్చుకొనదగిన దానిని తరువాత చూచుకొనవచ్చును.

మోయుటకు తేలికగాను, పనికి బలముగాను ఉండవలెనను కోరిక ఈనాటిది కాదు. వెంట తీసికొనిపోదగిన కంప్యూటరుగా వ్యాపారమున మొట్టమొదట పేరుపొందినది 1981లో అమెరికాలో వెలువడిన ఆస్బర్న్-1. దానిని నిర్మింపజేసిన ఆడమ్ ఆస్బర్న్ బాల్యము తిరువణ్ణామలైలో, రమణ మహర్షి ఆశ్రమ పరిసరములలో గడచినది. ఆయన తుదకు 2003లో కొడైకెనాలులో దేహము చాలించెను. ఆ యంత్రము బరువు సుమారు 11 కిలోలు. దాని తెర 5 అంగుళములు. ఒక పంక్తిలో 52 అక్షరములు మాత్రమే పట్టెడివి. మెమరీ 64 కిలోబైట్లు. అది కుట్టు మిషనువలె పిడి పట్టుకొని మోసికొనిపోవలసిన పెట్టె. అయినను తన పనిని తనవెంట తీసికొనిపోవచ్చునను సంతోషముతో జనులు దానిని కొనిరి.

తరువాతి నలుబది సంవత్సరములలో బరువు తగ్గుచు వచ్చినది. 2008 జనవరిలో ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరునుండి మాక్‌బుక్ ఎయిర్ అను యంత్రమును సభలో బయటకు తీసి చూపెను. దాని బరువు 1.36 కిలోలు. అందరి కన్నులు ఆ సన్నదనమును చూచినవి. కాని దాని లోపల 2 గిగాబైట్ల మెమరీ మూలపలకకు టంకము పెట్టి అతుకబడియున్నది. కొన్నవాడు దానిని పెంచుకొను మార్గము లేదు. ఆ పద్ధతి క్రమముగా ఇతర సంస్థలకును ప్రాకినది. నేడు పలుచని ల్యాప్‌టాపులలో పెక్కింటికి మెమరీ అట్లే అతుకబడియుండును. తేలికదనమునకు మనము చెల్లించుచున్న మూల్యములలో ఇది ముఖ్యమైనది. కావున ముందుగా మెమరీనిగూర్చి చెప్పుకొందము.

కంప్యూటరులో ప్రాసెసరు వంటమనిషివంటిది. మెమరీ వంటగట్టువంటిది. డిస్కు సామాను గదివంటిది. వంటమనిషి ఎంత చురుకైనవాడైనను, గట్టుమీద రెండు గిన్నెలకే చోటున్నచో, ప్రతి దినుసుకును సామాను గదికి పరుగెత్తి, ఒక గిన్నెను అచ్చట దింపి మరియొకదానిని తేవలసివచ్చును. మెమరీ చాలని కంప్యూటరు చేయునది ఇదియే. మెమరీలో చోటు లేనందున డిస్కుమీదికి కొంత సమాచారమును దింపి, మరల ఎత్తుకొనును. అపుడు ఎంత ఖరీదైన ప్రాసెసరైనను చేతులు ముడుచుకొని ఎదురుచూచుచుండవలసినదే.

ప్రోగ్రాము వ్రాయువాని గట్టుమీద ఏమేమి ఉండునో లెక్కింతము. విండోసు వంటి ఆపరేటింగు సిస్టముకు సుమారు 4 గిగాబైట్లు పోవును. ఇరువది ముప్పది పుటలు తెరచియుంచిన బ్రౌజరుకు 3 గిగాబైట్లు. ప్రోగ్రాము వ్రాయు ఎడిటరు, దానితోపాటు తప్పులను ఎత్తిచూపు సహాయక ప్రోగ్రాములకు 2 గిగాబైట్లు. డేటాబేసును, సర్వరును డాకర్ వంటి సాధనముతో నడిపినచో మరి 3 గిగాబైట్లు. ఫోను ప్రోగ్రాములు వ్రాయువారు ఒక కృత్రిమ ఫోనును కంప్యూటరులోనే నడుపుకొందురు. దానికి 3 గిగాబైట్లు. ఈ మొత్తము 15. అంకెలు పనినిబట్టి హెచ్చుతగ్గులు కావచ్చును గాని, 8 గిగాబైట్ల యంత్రము ఈ పనికి చాలదనుటకు ఈ లెక్క చాలును. 16 గిగాబైట్లు కనీసము. నాలుగైదు సంవత్సరములు వాడదలచినవారికి, ఫోను ప్రోగ్రాములు వ్రాయువారికి, అనేక సర్వరులను ఒకేసారి నడుపువారికి 32 గిగాబైట్లు సుఖము.

దుకాణదారుని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇది: "ఇందలి మెమరీ అతుకబడినదా? పెంచుకొనుటకు ఖాళీ గాడి కలదా?" గాడి ఉన్నచో, నేడు 16 గిగాబైట్లతో తీసికొని, మరి రెండేండ్లకు సంపాదన కలిగిన పిదప 32 చేసికొనవచ్చును. అతుకబడినచో, కొను దినముననే అయిదేండ్లకు చాలినంత తీసికొనవలెను. కొన్నింటిలో సగము అతుకబడి, సగము గాడిలో ఉండును, అదియు మంచిదే. అతుకబడిన మెమరీ అంతయు మోసమని తలచరాదు. ప్రాసెసరుకు దగ్గరగా ఉండుటచేత అది వేగముగా పనిచేయును, విద్యుత్తును తక్కువగా త్రాగును. ఆపిల్ 2020లో తెచ్చిన ఎం-1 ప్రాసెసరులోను, ఇంటెల్ 2024లో తెచ్చిన లూనార్ లేక్ ప్రాసెసరులలోను మెమరీ ప్రాసెసరుతో కలిసి ఒకే పొదుగులో ఉండును. అట్టి యంత్రములు దీర్ఘకాలము బ్యాటరీపై నడచుటకు ఇదియు ఒక కారణము. తెలిసి తీసికొన్నవారికి ఇబ్బంది లేదు; తెలియక 8 గిగాబైట్లతో తీసికొన్నవారికే కష్టము.

డిస్కుసంగతి ఇందుకు భిన్నము. ఎన్‌వీఎంఈ అను వేగముగల డిస్కు పెక్కు ల్యాప్‌టాపులలో చిన్న మరతో బిగింపబడి, మార్చుకొనుటకు వీలుగా ఉండును. ఆపిల్ ల్యాప్‌టాపులలో అట్టి వీలు లేదు గనుక అచ్చట మాత్రము ముందే ఆలోచింపవలెను. ప్రోగ్రాముల పనిలో వేలకొలది చిన్న చిన్న ఫైళ్లు తెరచి మూయవలసియుండును గనుక, తిరుగుడు పళ్లెముల పాత హార్డుడిస్కు గాని, చవుక యంత్రములలో పెట్టు ఈఎంఎంసీ గాని పనికిరాదు. 512 గిగాబైట్లు సామాన్యముగా చాలును. 256 అయినచో నెలకొకసారి ఇల్లు సర్దుకొనవలసినట్లుండును.

ఇక ప్రాసెసరు. దీని పేరులోని పెద్ద అంకెకంటె చివరనున్న అక్షరము ఎక్కువ విషయము చెప్పును. ఇంటెల్ ప్రాసెసరులలో యూ అక్షరముగలవి సుమారు 15 వాట్ల విద్యుత్తుకు, హెచ్ అక్షరముగలవి 28 మొదలు 45 వాట్లవరకును ఉద్దేశింపబడినవి. త్రాగిన విద్యుత్తంతయు వేడిమిగా బయటికి పోవలెను. దానిని పంపుటకు పంకా, రాగి గొట్టము, గాలి పోవు సందు కావలెను. పలుచని పెట్టెలో వీనికి చోటు తక్కువ. వేడిమి నూరు డిగ్రీలకు చేరువైనపుడు ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అందుచేత ఒకే పేరుగల ప్రాసెసరు ఒక సంస్థవారి ల్యాప్‌టాపులో చురుకుగాను, మరియొక పలుచని ల్యాప్‌టాపులో మందకొడిగాను నడచుట కలదు.

ప్రోగ్రాము వ్రాయువాడు దినములో ఎక్కువ కాలము చదువుచు, ఆలోచించుచు, తట్టుచు ఉండును. అపుడు యంత్రమునకు పని అంతంతమాత్రమే. వ్రాసినదానిని కంపైలు చేయునపుడును, పరీక్షలు నడుపునపుడును కొన్ని నిమిషములు మాత్రము యంత్రము పరుగెత్తవలెను. జావాస్క్రిప్టు, పైథాను వ్రాయు విద్యార్థికి మధ్యరకపు ప్రాసెసరు సంపూర్ణముగా చాలును. సి ప్లస్ ప్లస్, రస్టు వంటి భాషలలో పెద్ద ప్రోగ్రాములను దినమునకు ఇరువదిసార్లు కంపైలు చేయువారికి ఎక్కువ కోర్లుగల ప్రాసెసరు, మంచి గాలిసదుపాయము అవసరము. ఒకసారి కంపైలునకు ఆరు నిమిషములు పట్టుచున్నది మూడు నిమిషములకు తగ్గినచో, ఇరువదిసార్లకు ఒక గంట మిగులును. తన పనిలో ఇట్టి గంట ఉన్నదో లేదో చూచుకొనకుండ ప్రాసెసరుకు అధికముగా చెల్లించుట వ్యర్థము. ఆ సొమ్మును మెమరీకి మరలించుట మేలు.

వేడిమిమాట వచ్చినది గనుక మన దేశపు వేసవిని మరువరాదు. చాలమంది తయారీదారులు తమ ల్యాప్‌టాపులు 35 డిగ్రీల వాతావరణమువరకు పనిచేయుననియే వ్రాయుదురు. బెజవాడలోను, రామగుండములోను వైశాఖమాసమున 40 డిగ్రీలు దాటుట వింత కాదు. పరుపుమీదను, దిండుమీదను పెట్టి గాలి సందులను మూయక, బల్లమీద వెనుకభాగము కొంచెము ఎత్తుగా ఉంచి వాడినచో యంత్రము వేగము నిలుచును, ఆయుస్సు పెరుగును.

మార్చుకొనుటకు వీలులేని వానిలో మెమరీ తరువాత తెరయు కీబోర్డును వచ్చును. దినమునకు ఎనిమిది గంటలు కన్ను తెరమీద, వ్రేలు కీబోర్డుమీద ఉండును. సినిమాకు అనువైన వెడల్పు తెర పదహారుకు తొమ్మిది పాళ్లలో ఉండును. దానిలో నిలువున 1080 చుక్కలు. పదహారుకు పది పాళ్ల తెరలో అదే వెడల్పునకు 1200 చుక్కలు. ప్రోగ్రాములో ఒక పంక్తికి 20 చుక్కలు పట్టునని అనుకొన్నచో, రెండవదానిలో ఆరు పంక్తులు అధికముగా కనబడును. చూచుటకు అల్పముగా తోచినను, ప్రతి నిమిషమును పైకి క్రిందికి జరుపుకొను శ్రమ అంతకంతకు తగ్గును. తెర అద్దమువలె మెరయుట కంటె మెరుపులేనిది మేలు. వెలుతురు 300 నిట్లకు తక్కువ కాకున్న కిటికీ ప్రక్కన కూర్చుండి పనిచేయవచ్చును. తెర పరిమాణము 14 అంగుళములు అనునది మోతకును చూపునకును నడుమనున్న సర్దుబాటు. ఇంటివద్ద విడిగా పెద్ద తెరను కలుపుకొనువారికి అది మరింత అనువు.

కీబోర్డును దుకాణములో తట్టి చూడక కొనరాదు. ఒక పుట నిండ తట్టి చూడుడు. బాణపుగుర్తుల మీటలు, ఎస్కేపు మీట, కుండలీకరణముల మీటలు వ్రేలికి అందుచున్నవో లేదో గమనింపుడు. 2015లో ఆపిల్ సంస్థ తన ల్యాప్‌టాపును మరింత పలుచన చేయుటకు సీతాకోకచిలుక పేరుగల క్రొత్తరకపు మీటలను ప్రవేశపెట్టెను. చిన్న ధూళికణము చొచ్చినను మీట నిలిచిపోవుచున్నదని ఫిర్యాదులు వచ్చినవి. 2018లో ఆ సంస్థ ఉచితముగా బాగుచేయు ఏర్పాటు ప్రకటించి, 2019 చివర పాతరకపు మీటలకు మరలినది. అంత పెద్ద సంస్థయు పలుచదనముకొరకు వ్రేళ్ల సౌఖ్యమును వదలి, మరల వెనుకకు రావలసివచ్చెను. కొనువారికి ఇది గుర్తుంచుకొనదగిన ఉదాహరణము.

బరువునుగూర్చి ఒక మాట. ఆటలకొరకు తయారైన ల్యాప్‌టాపు రెండున్నర కిలోలకు దగ్గరగా ఉండును. దాని ఛార్జరు ఒక చిన్న ఇటుకవంటిది. రెండును కలిసి మూడు కిలోలు. ఎల్.బి.నగరులో మెట్రో ఎక్కి, అమీరుపేటలో బండి మారి, రాయదుర్గమునకు పోవు ఉద్యోగిని ఆ బరువును భుజమున వేసికొని, జనసమ్మర్దములో నిలువబడి, దినమునకు రెండుసార్లు ప్రయాణము చేయవలెను. సంచిలో భోజనపు డబ్బాయు, నీళ్ల సీసాయు ఉండును. 1.3 మొదలు 1.5 కిలోల యంత్రము, సీ-రకపు యూఎస్‌బీ తీగతో నిండు చిన్న ఛార్జరు ఆమె వెన్నునకు ఉపకారము. హాస్టలు గదిలో ఒకేచోట ఉంచి వాడు విద్యార్థికి ఈ బరువు అంత ముఖ్యము కాదు. అతడు అదే వెలకు కొంచెము బరువైనదైనను, గాడులున్న యంత్రమును తీసికొనుట లాభకరము.

బ్యాటరీసంగతి ప్రకటనలలో గంటలలో చెప్పబడును. మనము వాట్-అవరులలో లెక్కింపవలెను. భాగహారము తెలిసినవారెవ్వరైనను చేయగలరు. 56 వాట్-అవరుల బ్యాటరీగల యంత్రము తేలిక పనిలో 8 వాట్లు త్రాగినచో ఏడు గంటలు నడచును. కంపైలు, కృత్రిమ ఫోను మొదలగు పనులలో 28 వాట్లు త్రాగినచో రెండు గంటలే. ప్రకటనలోని గంటలు తేలిక పనికి చెందినవి. మీ పని రెంటికి నడుమ ఎక్కడో ఉండును. బ్యాటరీ మరీ పెద్దదై ఉండుటకు ఒక హద్దు కలదు: విమానములలో ముందుగా అనుమతి పొందకుండ వెంట ఉంచుకొనదగినది 100 వాట్-అవరులు మాత్రమే. కొన్ని పెద్ద ల్యాప్‌టాపులలో 99 అను అంకె కనబడుటకు కారణమిదియే. ఎల్లపుడు గోడ విద్యుత్తుమీదనే వాడువారు, 80 శాతమువద్ద నింపుట ఆపు ఏర్పాటు యంత్రములో ఉన్నచో దానిని వాడుకొనవలెను. బ్యాటరీ నిండుగా ఉండి, వేడిగా కూడ ఉండుటయే దానికి హాని.

ఇంతవరకు యంత్రాంగములను చూచితిమి. ఆపరేటింగు సిస్టమును నిర్ణయించునది పనియే. ఐఫోనుకు ప్రోగ్రాములు వ్రాయదలచినవారికి ఆపిల్ కంప్యూటరు కావలసినదే. ఆ పనికి వలయు ఎక్స్‌కోడ్ అను సాధనము మాక్ కంప్యూటరులలోనే నడచును. ఆండ్రాయిడుకు అట్టి నిర్బంధము లేదు. విండోసుతో తయారైన కొన్ని సంస్థల ప్రోగ్రాములు విండోసులోనే సుఖముగా నడచును. సర్వరుల పని నేర్చుకొనువారు లినక్సు ఎరుగవలెను. విండోసులోనే లినక్సు నడుపుకొను సదుపాయము 2016నుండి కలదు. 2024లో స్నాప్‌డ్రాగను ఎక్స్ అను ప్రాసెసరుగల విండోసు ల్యాప్‌టాపులు వచ్చినవి. అవి బ్యాటరీని పొదుపుగా వాడును. కాని ఇంటెల్ వంశపు ప్రాసెసరులకు వ్రాయబడిన ప్రోగ్రాములను అవి అనువదించుకొని నడుపవలెను. ఆ వంశమునకు చెందిన డ్రైవర్లు వానిలో పనిచేయవు. మీ కళాశాలలో గాని, పనిలో గాని వాడు సాధనములు అందు నడచునని రూఢి చేసికొనక వానిని కొనరాదు.

మరియొక ప్రలోభము గ్రాఫిక్సు కార్డు. కృత్రిమ మేధ నేర్చుకొనుటకు అది లేనిదే జరుగదని దుకాణములలో చెప్పుచుండుట కలదు. దీనిని కూడ లెక్కతో చూతము. 700 కోట్ల అంకెలుగల ఒక భాషా నమూనాలో, ఒక్కొక్క అంకెను అరబైటులో ఇమిడ్చినచో, 350 కోట్ల బైట్లు, అనగా మూడున్నర గిగాబైట్లు అగును. 16 గిగాబైట్ల మెమరీ ఉన్న సామాన్య యంత్రమున సయితము అట్టి చిన్న నమూనా మెల్లగానైనను నడచును. పెద్ద నమూనాలకు శిక్షణ ఇచ్చుట 8 గిగాబైట్ల గ్రాఫిక్సు కార్డుగల ల్యాప్‌టాపుకు సయితము శక్యము కాదు. ఆ పని దూరమునగల సర్వరులను గంటలెక్కన అద్దెకు తీసికొని చేయబడుచున్నది. గూగుల్ కోలాబ్ వంటి సేవలో నేర్చుకొనుటకు కొంతమేరకు ఉచితముగానే వీలు కలదు. దినదినము గ్రాఫిక్సు కార్డుతోనే పనిగలవారికి, త్రిమాన చిత్రములు, ఆటలు నిర్మించువారికి అది అవసరమే. తక్కినవారికి అది బరువు, వేడిమి, వెల.

ఈ దూరపు సర్వరు పద్ధతి ఇతర పనులకును ఉపయోగించును. ఇంటిలో పాత డెస్కుటాపు ఉన్నచో దానికి మెమరీ చేర్చి, బరువైన కంపైలు పనిని దానికి అప్పగించి, చేతనున్న తేలిక ల్యాప్‌టాపునుండి దానితో మాటలాడవచ్చును. తెర, కీబోర్డు మంచివై, ఇంటర్నెట్టు నిలకడగా ఉన్నచో ఈ ఏర్పాటు పొదుపైనది. ఇంటర్నెట్టు మాటిమాటికి తెగు ఊళ్లలో మాత్రము బలము చేతిలోని యంత్రమునందే ఉండవలెను.

చేతిలో సొమ్ము తక్కువగా ఉన్నవారు వాడిన యంత్రములను చిన్నచూపు చూడనక్కరలేదు. సంస్థలు మూడు నాలుగేండ్లు వాడి వదలిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ తరగతుల ల్యాప్‌టాపులు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో లభించును. వీని కీబోర్డులు గట్టివి. పెక్కింటిలో మెమరీని, డిస్కును మార్చుకొనవచ్చును. కాని మూడు పరీక్షలు చేయవలెను. మొదటిది వయస్సు. విండోసు 10కి మైక్రోసాఫ్టువారి సామాన్య మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోసు 11 దాదాపుగా ఇంటెల్ ఎనిమిదవ తరమునుండియే అధికారికముగా అనుమతింపబడును. అంతకు పాతదైనచో లినక్సు వేసికొను ఉద్దేశము ఉన్నవారే కొనవలెను. రెండవది బ్యాటరీ. అది తయారైననాటి సామర్థ్యమును, నేడు నిండగల సామర్థ్యమును విండోసే ఒక నివేదికగా వ్రాసి చూపును. ఆ నివేదికను తీయించి, రెండు అంకెలను పోల్చుడు. మూడవది తాళము. పూర్వపు సంస్థ పెట్టిన సంకేతపదము లోపల మిగిలియున్నచో ఆ యంత్రము ఒకనాడు మీకు తలుపు మూయును. అన్నియు తుడిచి, మీ కన్నులయెదుట క్రొత్తగా విండోసు వేసి చూపుమని అడుగుడు.

క్రొత్తది కొనువారును దుకాణములో ఒక అరగంట వినియోగింపవలెను. టాస్కు మేనేజరు తెరచి మెమరీ ఎంత, గాడులు ఎన్ని అని చూడుడు. మూతను ఒకచేతితో ఎత్తి, తెర ఊగుచున్నదేమో చూడుడు. మీ ఊరికి గాని, సమీప పట్టణమునకు గాని బాగుచేయువారు వచ్చెదరో, లేక యంత్రమును పార్సెలులో పంపి పదిదినములు చేతులు కట్టుకొని కూర్చుండవలెనో అడిగి తెలిసికొనుడు. పరీక్షల నడుమ, గడువు పనుల నడుమ పది దినములు యంత్రము లేకుండుట ఎంత నష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటివద్దకే వచ్చి బాగుచేయు హామీ లభించినచో దానికి కొంత చెల్లించుట దండుగ కాదు.

తుదకు ముగ్గురిని తలచుకొందము. రెండవ సంవత్సరము ఇంజనీరింగు చదువు అబ్బాయికి మధ్యరకపు ప్రాసెసరు, 16 గిగాబైట్ల మెమరీ, ఒక ఖాళీ గాడి, 512 గిగాబైట్ల డిస్కు చాలును, బరువు 1.7 కిలోలు అయినను బాధ లేదు, గ్రాఫిక్సు కార్డు అక్కరలేదు. ఆండ్రాయిడు ప్రోగ్రాములు వ్రాసి జీవించు యువకునికి 32 గిగాబైట్ల మెమరీ, హెచ్ తరగతి ప్రాసెసరు, మంచి గాలిసదుపాయము ముఖ్యము. అతడు బ్యాటరీ గంటలను కొంత వదలుకొనవచ్చును. నిత్యము మెట్రోలో ప్రయాణము చేయుచు, బరువైన పనిని దూరపు సర్వరులమీద చేయు ఉద్యోగినికి 1.3 కిలోల తేలికదనము, మంచి తెర, దీర్ఘకాలము నిలుచు బ్యాటరీ ముఖ్యము; మెమరీ అతుకబడినదైనను ముందే చాలినంత తీసికొనినచో దోషము లేదు. ముగ్గురి పేరును సాఫ్టువేరువారే. ముగ్గురికిని ఒకే యంత్రము చెప్పువాడు వారి పనిని అడుగలేదని అర్థము.

కావున తల్లిదండ్రులు దుకాణమునకు పోవుటకు ముందు, "నీవు దీనిపై ఏమి పని చేయుదువు? ఎక్కడికి మోసికొనిపోదువు? ఎన్నియేండ్లు వాడుదువు?" అని మీ అమ్మాయినో అబ్బాయినో కూర్చుండబెట్టి అడిగి, సమాధానములను ఒక కాగితముమీద వ్రాయింపుడు. దాని క్రింద మెమరీ, తెర, కీబోర్డు, బరువు, బ్యాటరీ, ప్రాసెసరు, డిస్కు అని ఈ వరుసలోనే వ్రాసికొనుడు. ఆ కాగితము చేతిలో ఉన్నచో, పండుగ తగ్గింపుల కోలాహలములోను మీ సొమ్ము దారి తప్పదు.